ఇంగ్లండ్‌లో ఇల్లు కొనడానికి సొలిసిటర్‌ను ఎంచుకోవడం: ముందు అడగవలసింది మీ ఫైలు ఎవరి చేతిలో ఉంటుందని

మీరు రాసిన వివరాలను ముందు ఒకచోట చేర్చుకుంటాను. రీడింగ్‌లో ఏడంతస్తుల భవనంలోని రెండు పడకగదుల లీజ్‌హోల్డ్ (నిర్ణీత ఏళ్లకు మాత్రమే హక్కు ఉండే) ఫ్లాట్‌ను 3,50,000 పౌండ్లకు ఇవ్వడానికి అమ్మకందారు ఒప్పుకున్నారు. భార్యాభర్తలిద్దరి పేరా కొంటున్నారు. గుంటూరు నుంచి మీ నాన్నగారు, స్థలం అమ్మిన సొమ్ములోంచి 40 లక్షల రూపాయలు పంపుతామన్నారు. మీ వారికి మియాపూర్‌లో తమ్ముడితో కలిసి కొన్న ఫ్లాట్‌లో సగం వాటా ఉంది. ఎస్టేట్ ఏజెంటు తమ తరఫున ఒక సంస్థను సూచించి 799 పౌండ్లు అన్నారు, మీ ఆఫీసు స్నేహితుడు చెప్పిన రెండో సంస్థ 1,450 పౌండ్లు అడిగింది, హౌన్స్‌లోలో తెలుగు మాట్లాడే సొలిసిటర్ ఒకరున్నారని బంధువులు చెప్పారు. బుధవారంలోగా పేరు చెప్పకపోతే ఇల్లు చేజారుతుందని ఏజెంటు తొందరపెడుతున్నారు. ముగ్గురిలో ఎవరిని పెట్టుకోవాలన్నది మీ ప్రశ్న.

నేను పదిహేడేళ్లుగా ఇళ్ల క్రయవిక్రయాల పనే చేస్తున్న లైసెన్స్‌డ్ కన్వేయన్సర్‌ను. మీ ప్రశ్నకు నా సమాధానం ఏమిటంటే, మూడు సంస్థల పేర్లను పక్కనపెట్టి, ఆ మూడు చోట్లా మీ ఫైలును రోజూ తెరిచి చూసే మనిషి ఎవరో కనుక్కుని, ఆ మనిషితో పది నిమిషాలు మాట్లాడిన తరువాతే నిర్ణయించుకోండి. మీ విషయంలో మియాపూర్ వాటా, గుంటూరు నుంచి వచ్చే డబ్బు, భవనం ఎత్తు అనే మూడు చిక్కులు ఉన్నాయి. ఆ మూడింటి మాట ఎత్తగానే అవతలి మనిషి ఏమని బదులిస్తారో వినండి. 799కీ 1,450కీ ఉన్న తేడా వీటి ముందు చిన్నది.

మన దగ్గర పద్ధతి మనసులో పెట్టుకుని ఇక్కడి పద్ధతిని ఊహించుకునే వారు చాలామంది కనుక ఒక మాట చెప్పి ముందుకు వెళ్తాను. గుంటూరులో స్థలం కొంటే ముప్పై ఏళ్ల ఈసీ తీయించి, లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించి, డాక్యుమెంట్ రైటరుతో దస్తావేజు రాయించుకుని సబ్ రిజిస్ట్రార్ ఎదుట వేలిముద్ర వేస్తాం. ఇంగ్లండ్, వేల్స్‌లలో హక్కు రిజిస్టరైన ఆస్తికి యజమాని ఎవరన్నది ల్యాండ్ రిజిస్ట్రీ పుస్తకమే చెబుతుంది, దానికి ప్రభుత్వ హామీ ఉంటుంది. కాబట్టి యజమాని ఇతడేనా అన్న భయం ఇక్కడ తక్కువ. ఆ హక్కుతో పాటు ఏ షరతులు, ఏ బాకీలు, ఏ తగాదాలు మీ నెత్తిన పడతాయన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. కొనేవాడు అడిగి తెలుసుకోవాలన్నది ఇక్కడి పాత న్యాయసూత్రం, అడగవలసిన ప్రశ్నలు అడిగేది మీ సొలిసిటర్. ఆయన ఇల్లు చూడటానికి రారు, గోడలో చెమ్మ ఉందో లేదో చెప్పరు. అది సర్వేయర్ పని, దాని ఖర్చు వేరు.

సొలిసిటర్, లైసెన్స్‌డ్ కన్వేయన్సర్ అనే ఇద్దరిలో ఎవరైనా ఈ పని చేయవచ్చు. మొదటి వారిపై సొలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ, రెండో వారిపై కౌన్సిల్ ఫర్ లైసెన్స్‌డ్ కన్వేయన్సర్స్ అజమాయిషీ ఉంటుంది. రెండు సంస్థల జాబితాలూ ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి, డబ్బు పంపే ముందు సంస్థ పేరు అక్కడ ఉందో లేదో చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. నేను రెండో వర్గానికి చెందినవాణ్ని గనుక పక్షపాతం అనుకోకపోతే, మామూలు ఇంటి కొనుగోలుకు ఈ తేడా పట్టించుకోనక్కరలేదని చెబుతాను. విడాకులు, వీలునామా తగాదా లాంటివి ఇంటితో ముడిపడి ఉంటే మాత్రం ఆ విభాగాలు కూడా ఉన్న సొలిసిటర్ సంస్థ మేలు. స్కాట్లండ్ పద్ధతి పూర్తిగా వేరు. ఎడిన్‌బరోలో కొంటున్నవారు ఈ సమాధానాన్ని పక్కనపెట్టి అక్కడి సొలిసిటర్‌నే అడగాలి.

అన్నిటికంటే ముందు చూసుకోవలసిన అర్హత ఒకటుంది. మీకు అప్పు ఇస్తున్న బ్యాంకు ప్యానెల్‌లో, అంటే ఆ బ్యాంకు ఆమోదించిన సంస్థల జాబితాలో, ఆ సంస్థ ఉండాలి. ఇక్కడ కొనేవారి సొలిసిటరే సాధారణంగా బ్యాంకు తరఫున కూడా పనిచేస్తారు. ప్యానెల్‌లో లేని సంస్థను పెట్టుకుంటే బ్యాంకు తన కోసం మరొకరిని నియమిస్తుంది, ఆ ఖర్చూ ఆలస్యమూ మీవే. లా సొసైటీ ఇచ్చే కన్వేయన్సింగ్ క్వాలిటీ స్కీమ్ గుర్తింపు సొలిసిటర్ సంస్థల పలకల మీద కనిపిస్తుంది, చాలా బ్యాంకులు దాన్ని అడుగుతాయి. అది సంస్థకు ఇచ్చిన గుర్తింపు అని, మీ ఫైలు చూసే మనిషికి ఇచ్చింది కాదని గుర్తుంచుకుంటే చాలు.

ఇక ఏజెంటు సిఫారసు సంగతి. ఏజెంటు ఒక సంస్థను చెప్పడం నేరం కాదు, కొన్నిసార్లు ఆ సంస్థ మంచిదే అవుతుంది. కానీ ఆ సిఫారసు వెనుక తరచుగా కమీషన్ ఉంటుంది. ఉంటే అది ఎంతో మీకు చెప్పవలసిన బాధ్యత సొలిసిటర్‌కు ఉంది కనుక మొహమాటపడకుండా అడగండి. ఏజెంటు అమ్మకందారు మనిషి, అమ్మకం పూర్తయితేనే ఆయనకు డబ్బు. భవనం గురించి ఇరవై ప్రశ్నలు వేసి నెల రోజులు ఆపే సొలిసిటర్ మీకు మంచివాడు, ఏజెంటుకు తలనొప్పి. సిఫారసు చేసిన సంస్థ తన తరువాతి ఇరవై ఫైళ్లు కూడా ఆ ఏజెంటు దగ్గర నుంచే రావాలని చూస్తుంటే ఆ ఇరవై ప్రశ్నలు ఎంత గట్టిగా వేస్తుందో మీరే ఆలోచించుకోండి. ఆ సంస్థను పెట్టుకోకపోతే మీ ఆఫర్‌ను అమ్మకందారుకు చేరవేయబోమని ఏజెంటు అంటే అది తప్పు, అలాంటి మాట ఈమెయిల్‌లో రాసి పంపమని అడిగితే సాధారణంగా అక్కడితో ఆగిపోతుంది.

ఫైలు ఎవరి చేతిలో ఉంటుందన్న ప్రశ్నకు నేను ఇంత బరువు ఎందుకు ఇస్తున్నానో చెప్పాలంటే నా అనుభవమే చెప్పాలి. వృత్తిలో తొలి ఏళ్లలో నేను ఒక పెద్ద సంస్థలో పనిచేశాను. నా పేరు మీద ఒక్కసారిగా 140 ఫైళ్లు ఉండేవి. ఫోను ఎత్తేది ఒకరు, సెర్చ్‌లు (ఆ ఆస్తి గురించి కౌన్సిల్ తదితర కార్యాలయాల రికార్డుల్లో ఉన్న వివరాలు) తెప్పించేది ఒకరు, కాంట్రాక్టు చదివేది నేను. స్లౌలో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్ కొంటున్న ఒక జంటకు టైటిల్ పత్రాలన్నీ కలిపి 43 పేజీల పీడీఎఫ్‌గా పంపించి చేతులు దులుపుకున్నాను. ఆవిడ దాన్ని కాగితం మీద అచ్చు వేయించి, టైటిల్ ప్లాన్ (ఆస్తి హద్దులను ఎర్ర గీతతో చూపే ల్యాండ్ రిజిస్ట్రీ పటం) పట్టుకుని ఆ స్థలంలోకి వెళ్లి నిలబడ్డారట. మర్నాడు ఫోను చేసి, "ఈ ఎర్ర గీత బిల్డింగ్ చుట్టూనే ఉందండీ, మేము కారు పెట్టుకునే చోటు గీత బయట ఉంది కదా?" అని అడిగారు. ఆవిడ మాట నిజం. కారు పెట్టుకునే హక్కు లీజులో లేదు, ఎప్పుడైనా రద్దు చేయగల ఒక అనుమతి పత్రంలో ఉంది. నేను చూడవలసినది ఆవిడ చూశారు. అమ్మకందారు 6,000 పౌండ్లు తగ్గించడానికి ఒప్పుకున్నారు గనుక గొడవ లేకుండా ముగిసింది. ఆ తరువాత నేను ఆ సంస్థలో ఎక్కువ రోజులు ఉండలేదు.

అందుకే మీరు మూడు చోట్లకూ ఫోను చేసినప్పుడు అడగవలసింది ఇది: నా ఫైలు చూసేది ఎవరు, వారి పేరేమిటి, వారికి ఎన్నేళ్ల అనుభవం, ప్రస్తుతం వారి దగ్గర ఎన్ని ఫైళ్లున్నాయి, వారు సెలవులో ఉంటే ఎవరు చూస్తారు, వారి సొంత ఈమెయిల్ నాకు ఇస్తారా. ఫైళ్ల సంఖ్య అడిగితే నొచ్చుకునేవారుంటారు. అరవై డెబ్బై అని చెప్పి, సహాయకులు ఎవరో కూడా చెప్పేవారిని నేను నమ్ముతాను. "మాది టీమ్ అండీ, ఎవరైనా చూస్తారు" అనే జవాబు వస్తే మీ ఫైలు ఎవరూ చూడరని అర్థం చేసుకోవచ్చు. టైటిల్ ప్లాన్‌ను మాకు విడిగా పంపి స్థలంతో సరిచూసుకోమని చెబుతారా అని కూడా అడగండి. అలవాటుగా ఆ పని చేసేవారు వెంటనే అవునంటారు. మీకు ఓపిక ఉంటే ప్రభుత్వ వెబ్‌సైటులో 7 పౌండ్లు కట్టి మీరే ఆ ప్లాన్ తెచ్చుకోవచ్చు, పోలిన పేర్లతో ఎక్కువ వసూలు చేసే ప్రైవేటు సైట్లున్నాయి గనుక చిరునామా చూసి కట్టండి.

మీరు జతచేసిన రెండు కొటేషన్లు చదివాను. 799 అన్నది మొదటి గీత మాత్రమే. దాని కింద లీజ్‌హోల్డ్ అదనం 345, బ్యాంకు తరఫున పనిచేసినందుకు 125, డబ్బు కానుకగా ఇచ్చే ఒక్కొక్కరికి 95 చొప్పున అమ్మానాన్నలకు కలిపి 190, స్టాంప్ డ్యూటీ రిటర్నుకు 95, రెండు బ్యాంకు బదిలీలకు 84 ఉన్నాయి. మొత్తం 1,638, వ్యాట్ 20 శాతం కలిపితే 1,965 పౌండ్ల 60 పెన్స్. రెండో సంస్థ 1,450లో ఇవన్నీ కలిసే ఉన్నాయని రాసింది, వ్యాట్‌తో 1,740. చవక అనుకున్నదే ఖరీదు. సెర్చ్‌లు, ల్యాండ్ రిజిస్ట్రీ ఫీజు, ఫ్రీహోల్డరుకు (భవనం, నేల అసలు యజమానికి) ఇచ్చే నోటీసు రుసుము రెండు చోట్లా వీటికి అదనం. 2018 డిసెంబరు నుంచి ఇళ్ల పనికి ధరలను వెబ్‌సైటులో ప్రకటించాలన్న నియమం ఉంది గనుక అక్కడి ధరకూ మీ కొటేషనుకూ పొంతన ఉందో లేదో చూడండి. మధ్యలో అమ్మకం చెడిపోతే ఫీజు ఎంత అన్నది కూడా రాతలో తీసుకోండి. ఇక్కడ కాంట్రాక్టుల మార్పిడి జరిగేదాకా ఎవరైనా ఏ కారణమూ చెప్పకుండా తప్పుకోవచ్చు, మన వాళ్లు ఇంకా "బయానా ఇచ్చాం కదా" అన్న ధీమాలో ఉంటారు.

ఇప్పుడు మియాపూర్ వాటా. మీ ప్రశ్నలో ఇది ఒక్క వాక్యంగా ఉంది గానీ నా దృష్టిలో ఇదే పెద్దది. ఇంగ్లండ్‌లో స్టాంప్ డ్యూటీ లెక్కకు ప్రపంచంలో ఎక్కడ ఇల్లున్నా ఇల్లే. మొదటిసారి కొనేవారి రాయితీ రావాలంటే కొనే ఇద్దరికీ ఎప్పుడూ, ఎక్కడా సొంత ఇల్లు ఉండి ఉండకూడదు. మీ వారికి ఉంది, కాబట్టి రాయితీ పోయింది. అంతటితో ఆగదు. మీ వారి వాటా విలువ 40,000 పౌండ్లకు తక్కువ కాకపోతే ఇది రెండో ఇల్లు కింద లెక్క. కోటీ ఇరవై లక్షల ఫ్లాట్‌లో సగమంటే ఆ గీత దాటినట్లే. 2024 అక్టోబరు 31 నుంచి ఈ అదనపు పన్ను మొత్తం ధర మీద 5 శాతం.

అంకెల్లో చూడండి. రాయితీ ఉంటే 3 లక్షల దాకా పన్ను లేదు, మిగిలిన 50,000 మీద 5 శాతం, అంటే 2,500 పౌండ్లు. రాయితీ లేకుండా మామూలు లెక్కలో 1,25,000 దాకా సున్నా, అక్కడి నుంచి 2,50,000 దాకా 2 శాతం, ఆపైన 5 శాతం, మొత్తం 7,500 పౌండ్లు. రెండో ఇంటి అదనం 17,500 కలిస్తే 25,000 పౌండ్లు. మీ ఒక్కరి పేరా కొంటే ఆ అదనం తప్పుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి, కలిసి ఉంటున్న భార్యాభర్తలను ఈ లెక్కలో ఒకటిగానే చూస్తారు. మీ వారు ఆ వాటాను తమ్ముడికి నిజంగానే ఇచ్చేసే ఆలోచనలో ఉంటే, అది కంప్లీషన్ (మిగతా సొమ్ము కట్టి ఇల్లు చేతికి తీసుకునే) రోజుకు ముందే రిజిస్ట్రేషన్‌తో సహా పూర్తి కావాలి, ఎందుకంటే ఆ రోజు ముగిసే సమయానికి ఎవరి చేతిలో ఏముందన్నదే లెక్క. అప్పుడు 7,500తో బయటపడవచ్చు. దానికి హైదరాబాద్‌లో అయ్యే స్టాంప్ డ్యూటీ, ఆదాయపు పన్ను అక్కడి ఆడిటరును అడిగి బేరీజు వేసుకోండి. కొనుగోలుకు ముందటి ఏడాదిలో మీరు ఇక్కడ ఎన్ని రోజులు ఉన్నారన్నది కూడా చెప్పండి, ఈ దేశంలో నివాసం లేని కొనుగోలుదారులకు మరో 2 శాతం ఉంది.

ఈ సంగతి సొలిసిటర్ ఎంపికకు ఎలా పనికొస్తుందంటే, ఫోనులో "మాకు ఇండియాలో సగం వాటా ఫ్లాట్ ఉంది" అని ఊరికే అనండి. అవతలి వారు వెంటనే విలువెంత, ఎవరి పేరున, ఎప్పుడు కొన్నారని అడిగితే ఆ మనిషికి పని తెలుసు. "అది ఇండియా కదా, ఇక్కడికి సంబంధం లేదు" అంటే మర్యాదగా ఫోను పెట్టేయండి. చాలా సంస్థలు తమ ఒప్పంద పత్రంలో పన్ను సలహా మా పని కాదని చిన్న అక్షరాలతో రాసుకుంటాయి. అలా రాసి ఉంటే ఈ ఒక్క లెక్కనైనా మాకు రాతలో ఇస్తారా అని అడగండి, లేదంటే పన్ను నిపుణుడికి విడిగా డబ్బు కట్టండి. రిటర్ను కంప్లీషన్ తరువాత 14 రోజుల్లో వెళ్లాలి, దాంట్లో తప్పు ఉంటే బాధ్యత మీదే.

నాన్నగారి డబ్బు రెండో చిక్కు. ఆయన ఎక్కడి నుంచి తెచ్చారో, ఆ డబ్బు మీ ఖాతాలోకి ఏ దారిలో వచ్చిందో కాగితాలతో చూడవలసిన చట్టబాధ్యత సొలిసిటర్‌కు ఉంది. అమ్మానాన్నల పాస్‌పోర్టు లేదా ఇతర గుర్తింపు నకళ్లు అక్కడి నోటరీ ధ్రువీకరణతో, ఆరు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు, తిరిగి ఇవ్వనక్కరలేని కానుక అని, ఇంటి మీద తమకు హక్కు ఉండదని సంతకం చేసిన లేఖ, స్థలం అమ్మిన దస్తావేజు, అది తెలుగులో ఉంటే ఇంగ్లిషు అనువాదం కావాలి. అసలు ఇబ్బంది దస్తావేజు దగ్గరే వస్తుంది. మన దగ్గర దస్తావేజులో ప్రభుత్వ విలువ రాయించి మిగతాది నగదుగా పుచ్చుకునే అలవాటు ఎంత పాతదో మీకు తెలియనిది కాదు. ఇక్కడి సొలిసిటర్‌కు మాత్రం కనిపించేది రెండే కాగితాలు: దస్తావేజులో 18 లక్షలు, బ్యాంకులో 40 లక్షలు. మిగతా 22 లక్షలు ఎక్కడివని అడుగుతారు. జవాబు లేకపోతే నేషనల్ క్రైమ్ ఏజెన్సీకి తెలియజేయవలసి వస్తుంది, అలా తెలియజేసినట్టు మీకు చెప్పడం నేరం గనుక మీకు చెప్పరు. ఫైలు ఎందుకో ఆగిపోయిందని, ఫోను చేస్తే ముక్తసరిగా మాట్లాడుతున్నారని మీరు అనుకుంటూ ఉంటారు. కాబట్టి కాగితం ఉన్న సొమ్మునే వాడండి, తక్కువపడితే అప్పు కొంచెం పెంచుకోండి.

డబ్బు పంపే పద్ధతి కూడా ఇప్పుడే చూసుకోండి. రిజర్వ్ బ్యాంకు పథకం కింద ఒక మనిషి ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా బయటికి పంపవచ్చు, 40 లక్షలకు ఆ పరిమితి అడ్డు కాదు. కానీ 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే వసూలు చేసే ఆదాయపు పన్ను) బ్యాంకు ముందే పట్టుకుంటుంది. 40 లక్షలు నాన్నగారొక్కరే ఒకే ఏడాదిలో పంపితే 6 లక్షలు చేతిలో అదనంగా ఉండాలి. తరువాత రిటర్నులో సర్దుబాటు అవుతుంది గానీ ఆ రోజుకు లేకపోతే కంప్లీషన్ ఆగుతుంది. పరిమితి ఒక్కొక్కరికీ, ఒక్కో ఆర్థిక సంవత్సరానికీ విడివిడిగా వర్తిస్తుంది గనుక, అమ్మగారి సొంత ఖాతాలోనూ సొమ్ముంటే మార్చిలో కొంత, ఏప్రిల్లో కొంత పంపే వీలుందేమో వారి ఆడిటరును అడగండి. ఇన్ని బదిలీలు ఉంటాయని సొలిసిటర్‌కు మొదటి రోజే చెప్పాలి, అప్పుడు ఆయన ఏ ఖాతా కాగితాలు కావాలో ఒక్కసారే అడుగుతారు. ఇండియా నుంచి వచ్చిన కానుకలున్న ఫైళ్లు ఇటీవల ఎన్ని చేశారన్నది మీ రెండో పరీక్ష ప్రశ్న కావాలి.

భవనం మూడోది. 2017 గ్రెన్‌ఫెల్ అగ్నిప్రమాదం తరువాత ఎత్తయిన భవనాల సంగతి పూర్తిగా మారింది. కనీసం 11 మీటర్ల ఎత్తు లేదా అయిదంతస్తులు ఉన్న భవనాలకు 2022 బిల్డింగ్ సేఫ్టీ చట్టంలోని లీజుదారుల రక్షణలు వర్తిస్తాయి. గోడల లోపాలు సరిచేసే ఖర్చు నుంచి లీజుదారుకు రక్షణ ఉంటుందా అన్నది, 2022 ఫిబ్రవరి 14న ఆ ఫ్లాట్ ఎవరి చేతిలో ఉంది, అది వారి సొంత నివాసమా, వారికి ఈ దేశంలో మొత్తం ఎన్ని ఇళ్లున్నాయి అన్న వాటి మీద ఆధారపడుతుంది. అంటే మీకు ముందటి యజమాని గతం మీ జేబును తాకుతుంది. ఈ పత్రాలు చూసి బాధ్యత తీసుకోవడం ఇష్టం లేక కొన్ని సంస్థలు అలాంటి ఫైళ్లనే తీసుకోవు, మరికొన్ని తీసుకుని మధ్యలో "ఈ భాగం మా సలహాలో లేదు" అంటాయి. భవనం ఏడంతస్తులని ముందే చెప్పి, దాని మీద సలహా ఇస్తారా, ఇవ్వరా అని సూటిగా అడగండి.

లీజు ఎన్నేళ్లు మిగిలిందన్నది మీరు రాయలేదు. 80 ఏళ్ల దగ్గర్లో ఉంటే జాగ్రత్త, అంతకంటే తగ్గితే లీజు పొడిగించుకునే ఖర్చు బాగా పెరుగుతుంది. పొడిగింపు ఖర్చు లెక్కను మార్చే భాగాలున్న 2024 లీజ్‌హోల్డ్ సంస్కరణల చట్టం విడతలుగా అమలవుతోంది, ఈ నాటికి ఏది అమల్లో ఉందో సొలిసిటర్ చూసుకోకుండానే చెప్పగలగాలి.

తెలుగు సొలిసిటర్ గురించి మీ బంధువుల మాటను నేను తేలిగ్గా తీసుకోను. గుంటూరు దస్తావేజు చదవగలిగిన మనిషి, నాన్నగారితో వాట్సాప్‌లో మాట్లాడి కావలసిన కాగితం విడమరిచి చెప్పగల మనిషి దొరికితే రెండు వారాలు ఆదా అవుతాయి. కానీ ఆయన రోజూ చేసేది వీసా కేసులై, ఇళ్ల పని నెలకు ఒకటో రెండో అయితే ఏడంతస్తుల లీజ్‌హోల్డ్ ఫ్లాట్ ఆయనకు అప్పగించవద్దు. మరో ఇబ్బంది ఏమిటంటే, మనవాళ్లన్న చనువుతో కఠినమైన ప్రశ్నలు ఇద్దరూ దాటవేస్తారు. ఉదాహరణకు, మీ పుట్టింటి వారి 40 లక్షలు ఈ ఇంట్లో ఉన్నాయి. ఇల్లు ఇద్దరికీ ఉమ్మడిగా ఉండాలా, వాటాలు విడిగా రాసుకోవాలా, ఆ కానుక మీ వాటాగా నిలవాలా అన్నది ఏ సొలిసిటరైనా ఇద్దరినీ కూర్చోబెట్టి అడగవలసిన ప్రశ్న. అలా అడిగితే అవమానంగా భావించకండి, అడగకపోతే మీరే అడగండి.

ముందుముందు రీమార్ట్‌గేజ్ (ఇంటి అప్పును కొత్త రేటుకో మరో బ్యాంకుకో మార్చుకోవడం), అమ్మకం గురించి కూడా అడిగారు. అదే బ్యాంకులో కొత్త వడ్డీరేటుకు మారడానికి సొలిసిటర్ అవసరం లేదు. బ్యాంకు మారితే కొత్త బ్యాంకు తరచుగా "ఉచిత న్యాయసేవ" ఇస్తుంది, ఆ సంస్థ పనిచేసేది బ్యాంకు కోసమని గుర్తుంచుకుని మామూలు కేసుకు దాన్నే వాడుకోవచ్చు. ఎవరి పేరైనా చేర్చడమో తీసేయడమో ఉంటే మాత్రం సొంత సొలిసిటర్‌ను పెట్టుకోండి, అప్పులో వాటా చేతులు మారితే స్టాంప్ డ్యూటీ లెక్క వస్తుంది. అమ్మేటప్పుడు, కొనేవాడు దొరికిన తరువాత కాక ఇల్లు మార్కెట్‌లో పెట్టిన రోజునే సొలిసిటర్‌ను పెట్టుకుని ఫారాలు నింపడం, మేనేజ్‌మెంట్ ప్యాక్ (భవన నిర్వహణ చూసేవారు ఇచ్చే వివరాల కట్ట) అడగడం మొదలుపెడితే వారాలు కలిసివస్తాయి. హైదరాబాద్‌కు తిరిగివెళ్లిపోయి అక్కడి నుంచి ఇక్కడి ఇల్లు అమ్మేవారు, పన్ను పడినా పడకపోయినా 60 రోజుల్లో ఇక్కడి పన్నుశాఖకు తెలియజేయాలి.

డబ్బు పంపేటప్పటి ప్రమాదం ఒకటి చెప్పకుండా వదలలేను. సొలిసిటర్ ఈమెయిల్‌ను దొంగిలించి, "మా బ్యాంకు ఖాతా మారింది" అని కంప్లీషన్‌కు ముందురోజు వచ్చే ఉత్తరాలతో మొత్తం డిపాజిట్ పోగొట్టుకున్నవారు ఉన్నారు. ఖాతా నంబరు మొదటి రోజే కాగితం మీద తీసుకుని, పంపే ముందు మీకు ముందే తెలిసిన నంబరుకు ఫోను చేసి చదివించుకోండి, మొదట ఒక పౌండు పంపి చేరిందో లేదో అడగండి. అలాగే అవసరం లేకుండా నెలల ముందే మొత్తం సొమ్ము వారి ఖాతాలో ఉంచవద్దు. 2023 అక్టోబరులో రెగ్యులేటర్ మూయించిన యాక్సియం ఇన్స్ అనే సొలిసిటర్ సంస్థలో క్లయింట్ల సొమ్ము ఆరు కోట్ల పౌండ్లకు పైగా కనిపించకుండా పోయింది. నష్టపోయినవారికి పరిహార నిధి ఉన్నా, ఆ వారం ఇల్లు కొనవలసినవారి అవస్థ ఎవరూ తీర్చలేకపోయారు.

పని నచ్చకపోతే ముందు సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి, ఎనిమిది వారాల్లో తేలకపోతే లీగల్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లవచ్చు. తప్పు జరిగిన, లేదా తెలిసిన ఏడాదిలోపు అక్కడికి చేరాలి, సంస్థ తుది జవాబు ఇస్తే ఆరు నెలలలోపు.

చివరగా బుధవారం గడువు. ఏజెంటుకు కావలసింది అమ్మకం వివరాల పత్రంలో రాసుకోవడానికి ఒక పేరు, అంతే. సోమవారం ఉదయం రెండో సంస్థకూ హౌన్స్‌లోలోని తెలుగు సొలిసిటర్‌కూ ఫోను చేసి ఈ ప్రశ్నలు వేయండి, ఏజెంటు సంస్థకు కూడా వేయండి, న్యాయంగా ఉంటుంది. మంగళవారం సాయంత్రానికి జవాబులు రాతలో రాకపోతే ఏజెంటుకు "శుక్రవారం చెబుతాం, మార్ట్‌గేజ్ దరఖాస్తు ఇప్పటికే వెళ్లింది" అని ఒక్క ఈమెయిల్ పంపండి. రెండు రోజుల కోసం 3,50,000 పౌండ్ల ఆఫర్‌ను వదులుకునే అమ్మకందారును నేను ఇంతవరకు చూడలేదు.